ఒకే దోమ అనుకుంటే అయిదు జాతులు: జీవజాతికి గీత ఎక్కడ గీయాలి?

రోనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాద్‌లో దోమలను కోసి చూడటం మొదలుపెట్టాడు. మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ పరాన్నజీవి ఏమవుతుందో తేల్చాలన్నది ఆయన పట్టుదల. రెండేళ్లు గడిచినా ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన కోస్తున్నవి మనుషుల మలేరియాను మోసే దోమలే కావు. రాస్ వైద్యుడు, కీటక శాస్త్రం చదువుకున్నవాడు కాదు. దోమల శాస్త్రీయ నామాలు తెలియక బూడిద రంగు దోమ, చారల దోమ అని చూపును బట్టే రాసుకునేవాడు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పాడు. ఆగస్టు 20న వాటిలో ఒక దోమ జీర్ణాశయం గోడలో నల్లటి రేణువులతో గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా గుట్టు వీడింది. అయిదేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. నా దృష్టిలో ఇది జాతుల కథ కూడా. ఏ జీవి ఏ జాతిదో తెలియకపోతే ఎంత తెలివైన పరిశోధకుడైనా తప్పు జీవిని పట్టుకుని ఏళ్లు గడిపేస్తాడు. రాస్‌కు కనీసం రెక్కల మచ్చలు దారి చూపించాయి. ఆ మచ్చలు కూడా తేడా చెప్పలేని పరిస్థితి తర్వాత ఎదురైంది.

భారతదేశపు పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసేది అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ. పొలం గట్ల నీళ్లలో పెరుగుతుంది, పగలు పశువుల కొట్టాల్లో గోడలకు అంటుకుని ఉంటుంది. దాని లెక్క మాత్రం ఒక పట్టాన తేలేది కాదు. కొన్ని ప్రాంతాల్లో ఈ దోమలు దండిగా ఉన్నా మలేరియా తక్కువ, మరికొన్ని చోట్ల తక్కువ దోమలున్నా జ్వరాలు ఎక్కువ. భూతద్దం కింద పెట్టి చూస్తే రెండు చోట్లా ఒకటే దోమ.

1980లో గ్రీన్, మైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ దోమల క్రోమోజోములను చూశారు. గుడ్లు సగం ఎదిగిన ఆడ దోమ అండాశయంలో కొన్ని కణాలుంటాయి. వాటిలోని క్రోమోజోములు చాలా లావుగా, అడ్డచారలతో ఉంటాయి, ఆ చారల వరుసను మైక్రోస్కోపులో చదవొచ్చు. కొన్ని దోమల్లో ఒక ముక్క వరుస తిరగబడి ఉంది. అలా తిరగబడటం వింతేమీ కాదు, ఒకే జాతిలోనూ జరుగుతుంది. అసలు విషయం తర్వాతి లెక్కలో ఉంది. తిన్నటి వరుస ఉన్న దోమ, తిరగబడిన వరుస ఉన్న దోమతో జతకడితే పుట్టే పిల్లలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఇంకొకటి వస్తాయి. అవి పక్కపక్కన అమరడానికి మెలితిరిగి ఒక వలయంలా ఏర్పడతాయి. కంటికి స్పష్టంగా కనిపించే గుర్తు అది. రెండు రకాలూ కలిసే చోట్ల పట్టిన దోమల్లోనూ ఆ వలయం ఉన్నది ఒక్కటీ దొరకలేదు. అంటే ఒకే గోడ మీద పక్కపక్కన కూర్చునే ఈ దోమలు ఒకదానితో ఒకటి జతకట్టడం లేదు.

తర్వాతి ఏళ్లలో ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు బృందం ఈ పనిని చాలా ముందుకు తీసుకెళ్లింది. 1999 నాటికి ఒక్క దోమ అనుకున్నది అయిదు జాతులుగా తేలింది. వాటికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టారు. వీటిలో బి మలేరియాను మోయడంలో చాలా బలహీనం. బి దోమలు నిండా ఉన్న ఊళ్లో దోమలను లెక్కపెట్టి మలేరియాను అంచనా వేస్తే లెక్క తప్పుతుంది, మందు చల్లిన ఖర్చూ వృథా అవుతుంది. యూరప్‌లో అంతకుముందే ఇలాంటి చిక్కు వచ్చింది. అక్కడ మలేరియాను మోసే రకమైన అనాఫిలిస్ దోమలుండి కూడా మలేరియా లేని ప్రాంతాలు చాలా ఉండేవి. 1926లో ఇటలీలో ఫాలెరోని అనే ఆరోగ్య శాఖ ఉద్యోగి ఆ దోమల గుడ్లను పరిశీలించి, ఒక్కో ఆడ దోమ ఎప్పుడూ ఒకే రకం నగిషీ ఉన్న గుడ్లే పెడుతుందని గమనించాడు. ఒక్క జాతి అనుకున్నది చివరికి జాతుల గుంపుగా తేలింది. అందులో కొన్ని మనుషుల కన్నా పశువులనే ఎక్కువగా కుడతాయి.

కాబట్టి రూపం సరిపోదు. మరి ఏది సరిపోతుంది?

క్యూలిసిఫేసిస్ విషయంలో పరిశోధకులు వాడిన కొలబద్దకు జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మయర్ 1942లో స్పష్టమైన రూపం ఇచ్చాడు. ప్రకృతిలో తమలో తాము జతకట్టి సంతానాన్ని కనే, ఇతర గుంపులతో అలా కలవని జీవుల సమూహమే జాతి అన్నాడు. అంతవరకు మ్యూజియం బీరువాలో గుండుసూదికి గుచ్చిన ఒక నమూనాతో పోల్చి ఇది ఆ జాతి, ఇది ఈ జాతి అనేవారు. మయర్ దాన్ని నమూనా నుంచి సమూహానికి మార్చాడు. ఆయన యువకుడిగా న్యూగినీ కొండల్లో పక్షులను సేకరించాడు. తాను 137 జాతులుగా గుర్తించిన పక్షుల్లో 136కు అక్కడి స్థానికులకు వేర్వేరు పేర్లున్నాయని ఆయన రాశాడు. జాతులు పుస్తకాల్లో మనం కల్పించుకున్న గళ్లు కావు, బయట నిజంగా ఉన్నాయి అనడానికి ఆయన ఇచ్చిన గట్టి సాక్ష్యాల్లో అదొకటి.

ఈ నిర్వచనం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, వాటికి పుట్టిన కంచరగాడిదకు 63, అది దాదాపు ఎప్పుడూ గొడ్డుదే, కాబట్టి గుర్రం వేరు, గాడిద వేరు అని మనం చదువుకున్నదంతా మయర్ చూపుతోనే. బ్యాక్టీరియాకు మాత్రం ఇది పనికిరాదు, అవి జతకట్టవు. శిలాజాలకూ పనికిరాదు. ఇంకా ఇబ్బందికరమైన చోటు ఒకటుంది, అది మన కొండల్లోనే కనిపిస్తుంది.

శేషాచలం కొండల్లో, తూర్పు కనుమల్లో మరికొన్ని చోట్ల బంగారు బల్లి ఉంటుంది. రాతి చీలికల్లో, గుహల్లో బతుకుతుంది, పెరిగిన మగ బల్లి పసుపు పచ్చగా మెరుస్తుంది. 1870లో బెడ్డోమ్ దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో, ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు. రెండోది శ్రీలంకలో ఉంది, దాన్ని 1953లో దెరణియగల వర్ణించాడు. మధ్యలో సముద్రం. ఈ రెండూ వాటంతట అవి కలుసుకోవు కాబట్టి, కలిస్తే జతకడతాయా లేదా అన్న ప్రశ్నకు ప్రకృతిలో జవాబు లేదు. అయినా రెండింటినీ వేరు జాతులనే అంటున్నాం, శరీర నిర్మాణంలోని తేడాలను బట్టి. అంటే పేరుకు మయర్ నిర్వచనాన్ని ఒప్పుకున్నవాళ్లు కూడా ఆచరణలో చాలాసార్లు పాత పద్ధతిలోనే గీత గీస్తున్నారు.

ఇలాంటి ఖాళీలను పూడ్చడానికి వేరే నిర్వచనాలు వచ్చాయి. ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి, ఇతరులకు లేని లక్షణంతో గుర్తించగల అతి చిన్న గుంపు జాతి అని కొందరన్నారు. పరిసరాల్లో ఒక ప్రత్యేకమైన బతుకు తీరున్నది జాతి అని ఇంకొందరన్నారు. ఇరవైకి పైగా నిర్వచనాలు చలామణిలో ఉన్నాయి. వాటన్నిటినీ ఏకరువు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నాకు సబబుగా తోచే మాట జీవశాస్త్రజ్ఞుడు కెవిన్ డి క్వీరోజ్ చెప్పినది. జాతి అంటే ఇతర పాయల నుంచి విడిగా సాగే ఒక వంశ పాయ, ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే అంటాడాయన. పాయ చీలాక రూపంలో తేడా, జన్యువుల్లో తేడా, జతకట్టకపోవడం, పుట్టిన సంతానం గొడ్డుపోవడం ఇవన్నీ ఒక్కరోజులో రావు. ఒక్కోటి ఒక్కో సమయంలో వస్తుంది, ఏది ముందో ఏది వెనకో జీవిని బట్టి మారుతుంది. ఒక్కో నిర్వచనం వాటిలో ఒక్కో మలుపును పట్టుకుని ఇదే గీత అంటోంది. జీవశాస్త్రజ్ఞుల మధ్య ఈ తగవులు శాస్త్రం చేతకానితనం వల్ల వచ్చినవి కావు. జాతులు పరిణామంలో మెల్లగా విడిపోతాయన్నది నిజమైతే, ఏ క్షణంలో చూసినా సగం విడిపోయినవి, ముప్పాతిక విడిపోయినవి కనిపించి తీరాలి. కనిపిస్తున్నాయి కూడా.

గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను చూడండి. చలికాలంలో మన దేశానికి వచ్చే వలస పక్షి ఇది. ఎండాకాలంలో హిమాలయాల నుంచి సైబీరియా దాకా అడవుల్లో గూడు కడుతుంది. మధ్యలో చెట్లు లేని టిబెట్ పీఠభూమి ఉంది కాబట్టి దాని చుట్టూ వలయంలా పరుచుకుంది. హిమాలయాల నుంచి పడమటి వైపుగా వెళితే పాట కొద్దికొద్దిగా మారుతుంది, తూర్పు వైపుగా వెళితే మరో రకంగా మారుతుంది. పక్కపక్క ప్రాంతాల పిట్టలు కలుస్తూనే ఉంటాయి. రెండు కొసలూ సైబీరియాలో ఎదురుపడే చోట మాత్రం ఒకరి పాట మరొకరికి పట్టదు, దాదాపుగా జతకట్టవు. ఆ చివరి రెండింటినే చూస్తే రెండు జాతులు, వలయమంతా చూస్తే ఎక్కడ తెంచాలో తెలియదు. డారెన్ ఇర్విన్ ఏళ్ల తరబడి ఈ పిట్టల మీద పనిచేశాడు. 2014లో వచ్చిన జన్యు అధ్యయనం ఈ వలయం మనం అనుకున్నంత అతుకుల్లేనిది కాదనీ, గతంలో కొన్ని చోట్ల తెగి మళ్లీ కలిసిందనీ చూపించింది.

విడిపోవడం ఎలా మొదలవుతుందన్నది రెండో ప్రశ్న. ఎక్కువ సందర్భాల్లో భౌగోళికంగా అడ్డు పడటంతో మొదలవుతుంది. దాదాపు 30 లక్షల ఏళ్ల క్రితం పనామా భూసంధి పైకి లేచి అట్లాంటిక్, పసిఫిక్ నీళ్లను వేరుచేసింది. గిట్టతో చిటపటమని చప్పుడు చేసే ఒక రకం చిన్న రొయ్యలు రెండు పక్కలా మిగిలిపోయాయి. నాన్సీ నోల్టన్ బృందం ఇటువైపు రొయ్యనూ అటువైపు రొయ్యనూ ఒకే తొట్టిలో పెట్టి చూసింది. చూడటానికి కవలల్లా ఉన్నా చాలావరకు జతకట్టడానికి బదులు ఒకదాని మీద ఒకటి గిట్టలు ఝళిపించాయి. వాటిని కలవకుండా ఉండమని ఏ శక్తీ ఎంపిక చేయలేదు. విడివిడిగా బతికిన కాలంలో రెండు పక్కలా పేరుకున్న మార్పుల వల్ల ఆ పని దానంతట అదే జరిగిపోయింది.

సంకరం గొడ్డుపోవడం డార్విన్‌ను చాలా ఇబ్బంది పెట్టింది. పిల్లలు పుట్టకపోవడం ఏ జీవికీ లాభం కాదు, మరి ప్రకృతి వరణం దాన్ని ఎలా తెస్తుంది? 1859 నాటి పుస్తకంలో ఆయన దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. జవాబు తర్వాతి శతాబ్దంలో జన్యుశాస్త్రజ్ఞులు డాబ్‌జాన్‌స్కీ, ముల్లర్‌ల పనిలో స్పష్టపడింది. ఒక సమూహం రెండుగా చీలిందనుకోండి. ఒక పక్క ఒక జన్యువు మారింది. అక్కడున్న మిగతా జన్యువులతో అది చక్కగా పనిచేస్తోంది కాబట్టి నిలిచింది. రెండో పక్క వేరొక జన్యువు మారింది, అదీ అక్కడి వాటితో సరిపోయింది. ఏ పక్కా ఎవరికీ నష్టం లేదు. అయితే మారిన ఈ రెండు జన్యువులూ ఎప్పుడూ ఒకే శరీరంలో కలిసి పనిచేసి చూడలేదు. మొదటిసారి అవి ఎదురుపడేది సంకర సంతానంలోనే. అక్కడ పొసగకపోతే ఆ సంతానం చనిపోతుంది లేదా గొడ్డుపోతుంది. ఏ మెట్టులోనూ చెడును ఎంచుకోకుండానే రెండు సమూహాల మధ్య గోడ లేస్తుంది. పరిణామ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే తర్కం ఇది.

ఈ పొసగకపోవడం ఆడ, మగ పిల్లలను సమానంగా కొట్టదని 1922లో జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ గమనించాడు. సంకరంలో ఒక లింగమే చనిపోయినా గొడ్డుపోయినా, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుంది. క్షీరదాల్లో, ఈగల్లో మగవి, పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో ఆడవి. వందేళ్లు దాటినా ఈ నియమం ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు జీవుల్లో నిజమవుతూనే ఉంది. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి ఇండియాకు వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు.

అడ్డుగా కొండా సముద్రమూ లేకుండా ఒకే చోట జాతులు చీలతాయా అన్నదాని మీద చాలాకాలం వాదాలు నడిచాయి, మయర్ కూడా గట్టిగా కాదన్నవాడే. అమెరికాలో ఒక చిన్న ఈగ హాథార్న్ అనే స్థానిక చెట్టు కాయల్లో గుడ్లు పెట్టేది. ఐరోపా వలసదారులు ఆపిల్ చెట్లు తెచ్చాక, 1800ల మధ్యకాలంలో వాటిలో కొన్ని ఆపిల్‌కు మారాయి. ఈ ఈగలు తాము పెరిగిన రకం కాయ మీదే జతకడతాయి. ఆపిల్ కొన్ని వారాలు ముందే పండుతుంది కాబట్టి ఆపిల్ ఈగలు బయటికొచ్చే కాలం కూడా ముందుకు జరిగింది. పక్కపక్క చెట్ల మీద ఉంటూనే రెండు గుంపులూ జన్యువుల్లో విడిపోతున్నాయి, ఇప్పటికీ తరానికి 4 నుంచి 6 శాతం దాకా కలుస్తున్నాయి. ఇవి రెండు జాతులా? ఇంకా కాదు. ఒకటేనా? పూర్తిగా అదీ కాదు.

జాతి పుట్టడానికి లక్షల ఏళ్లు అక్కర్లేని మార్గం కూడా ఒకటుంది. దాని ఫలితం మీ పోపుల డబ్బాలో ఉంది. మనం తాలింపులో వేసే, ఆవకాయకు పిండి కొట్టే ఆవ మొక్క రెండు వేరే జాతుల కలయిక. ఒకటి టర్నిప్, చైనీస్ క్యాబేజీల జాతి, రెండోది నల్ల ఆవ. 1935లో వూ జాంగ్‌చున్ అనే శాస్త్రవేత్త జపాన్‌లో పనిచేస్తూ ఈ బంధుత్వాన్ని క్రోమోజోముల లెక్కతో తేల్చాడు. టర్నిప్ జాతి బీజకణంలో 10 క్రోమోజోములు, నల్ల ఆవ బీజకణంలో 8. రెండూ కలిస్తే 18 ఉన్న మొక్క వస్తుంది. బీజకణాలు తయారు కావాలంటే ప్రతి క్రోమోజోముకు జోడీ ఉండాలి, ఈ పద్దెనిమిదిలో దేనికీ అసలైన జోడీ లేదు. కాబట్టి అది గొడ్డు మొక్క. ఎప్పుడో ఒకసారి కణ విభజనలో పొరపాటున క్రోమోజోములన్నీ రెట్టింపయితే 36 అవుతాయి. అప్పుడు ప్రతిదానికీ తనలాంటి మరొకటి దొరుకుతుంది, మొక్క నిండుగా కాస్తుంది. ఈ కొత్త మొక్క తన మూల జాతుల్లో ఒకటైన టర్నిప్‌తో మళ్లీ కలిసిందనుకోండి, 18కి 10 కలిపి 28. అందులో 8 ఒంటరిగా మిగిలిపోతాయి, ఆ సంతానం సరిగా కాయదు. ఒకటి రెండు తరాల్లో గోడ పూర్తయింది. మయర్ నిర్వచనం ప్రకారం చూసినా ఇది నిఖార్సయిన కొత్త జాతి.

ఆవ ఒక్కటే కాదు. అనంతపురం చేలలోని వేరుశనగకు 40 క్రోమోజోములు. బొలీవియా, అర్జెంటీనా ప్రాంతంలో 20 చొప్పున ఉన్న రెండు అడవి జాతులు కలిసి రెట్టింపయితే వచ్చింది. ఆదిలాబాద్, గుంటూరు రైతులు ఇప్పుడు వేసే అమెరికన్ పత్తికి 52, దేశవాళీ పత్తికి 26. ఆ రెండింటినీ కలిపితే 39 ఉన్న మొక్క వస్తుంది, గొడ్డుపోతుంది. దేశవాళీ పత్తిలోని తెగులును తట్టుకునే గుణాన్ని అమెరికన్ పత్తిలోకి తేవాలనుకునే ప్రజనన శాస్త్రవేత్తలకు మొదట అడ్డొచ్చేది ఈ లెక్కే. పుష్పించే మొక్కల్లో కొత్త జాతి పుట్టిన సందర్భాల్లో దాదాపు 15 శాతంలో ఇలాంటి రెట్టింపు ఉందని 2009లో ఒక అంచనా వచ్చింది. జంతువుల్లో ఇది చాలా అరుదు.

జంతువుల్లోనూ సంకరం కొత్త దారి తీసిన ఒక సందర్భాన్ని మాత్రం మనుషులు మొదటి నుంచీ కళ్లారా చూశారు. గలపాగస్ దీవుల్లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఫించ్ పిట్టలకు కాళ్లకు రింగులు వేసి వెంటాడారు. 1981లో అక్కడికి ఒక కొత్త మగ పిట్ట వచ్చింది. స్థానిక పిట్టల కన్నా పెద్దది, పాట వేరు. స్థానిక జాతి ఆడపిట్టతో జతకట్టింది. వాటి పిల్లలు తండ్రి పాటే నేర్చుకున్నాయి, ఆ పాటకు స్థానిక ఆడపిట్టలు మొగ్గలేదు. కొన్ని తరాలకు ఈ వంశం తమలో తామే జతకట్టడం మొదలుపెట్టింది. ఆ మగపిట్ట నూరు కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పాన్యోలా దీవి నుంచి వచ్చిందని తర్వాత జన్యువులు చెప్పాయి. గుంపులో ఉన్నవి పదుల సంఖ్యలోనే, రేపు ఒక కరువొస్తే ఉండకపోవచ్చు. నా మటుకు నేను దీన్ని జాతి అనడానికి తొందరపడను, జాతి మొదలవడం అంటే ఇలా ఉంటుందని మాత్రం అంటాను.

విడిపోతున్నవి మళ్లీ కలిసిపోవడం కూడా ఉంది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సిక్లిడ్ చేపలు పదిహేను వేల ఏళ్లలో దాదాపు 500 జాతులుగా చీలాయి. చాలావాటి మధ్య ఉన్న అడ్డు ఆడ చేప మగ చేప రంగును చూసి ఎంచుకోవడమే. చుట్టుపక్కల పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చే మురుగుతో నీరు మసకబారాక రంగులు కనిపించడం మానేశాయి. నీరు మురికిగా ఉన్నచోట చేపల రంగులు వెలిసిపోయి జాతులు తగ్గిపోవడాన్ని 1997లో ఓలే జేహౌజెన్ బృందం చూపించింది. అక్కడ ఒక్క చేపా చావకుండానే ఒక జాతి మాయం కావచ్చు.

ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాదని ఏనుగుల విషయంలో బాగా తెలుస్తుంది. ఆఫ్రికా ఏనుగు ఒకటే జాతి అని చాలాకాలం లెక్క. అడవి ఏనుగు చిన్నది, దంతాలు సూటిగా ఉంటాయి. మైదానపు ఏనుగు పెద్దది, దంతాలు వంపు తిరిగి ఉంటాయి. ఈ రెండింటి మధ్య జన్యు దూరం ఆసియా ఏనుగుకూ అంతరించిపోయిన మామత్‌కూ మధ్య ఉన్నంత ఉందని 2010లో ఒక అధ్యయనం చెప్పింది. అడవి, మైదానం కలిసే కొన్ని చోట్ల రెండింటికీ పుట్టిన ఏనుగులున్నాయి, వాటికి పిల్లలూ ఉన్నారు. మయర్ గీతను అక్షరాలా పాటించేవాళ్లకు ఇది అభ్యంతరమే. అయినా 2021లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో రెండింటినీ వేరు చేసింది. అంతకుముందు రెండూ కలిపి ఒకే అంచనా, మైదానపు ఏనుగుల సంఖ్య పెద్దది కాబట్టి అడవి ఏనుగుల పతనం అందులో కలిసిపోయేది. విడిగా లెక్కవేస్తే అడవి ఏనుగులు 31 ఏళ్లలో 86 శాతానికి పైగా తగ్గాయని తేలింది. వాటిని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వరుసలోకి, మైదానపు ఏనుగులను దానికి ఒక మెట్టు కింద ఉన్న వరుసలోకి చేర్చారు.